ముసలి ఇంజనుకు ఏ నూనె?

బడులు తెరిచిన మొదటి వారంలో పదవ తరగతి విద్యార్థి ఒకడు నా దగ్గరకు వచ్చాడు. "మాస్టారూ, మా నాన్నగారి కారులో ఇంజను నూనె నిండుగానే ఉంది. అయినా నూనె దీపం ఎర్రగా వెలుగుతోంది. ఎందుకంటారు?" అని అడిగాడు.

వాళ్ళది 1984 నాటి పెట్రోలు అంబాసిడర్ కారు. పెళ్ళిళ్ళకూ, ఆసుపత్రి ప్రయాణాలకూ దానిని అద్దెకు తిప్పి వాళ్ళ నాన్న ఇల్లు గడుపుతున్నాడు. వేసవికి ముందు నూనె మార్చవలసి వచ్చినప్పుడు, దుకాణదారు ఒక ఖరీదైన డబ్బా తీసి చూపి, "ఇది సరికొత్త రకం, దీనిని మించినది లేదు" అన్నాడట. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంది. అది పోసినప్పటి నుండి, ఎండలో దూరం పోయి రైలు గేటు దగ్గర ఆగితే చాలు, దీపం మినుకుమినుకుమంటోంది. కారు కదలగానే ఆరిపోతోంది.

ఇక సలహాలకు కొదవేముంది? దొరికిన వాటిలో బాగా చిక్కటి నూనె పోయమని ఒకరు, ఇంకా ఖరీదైనది పోయమని మరొకరు. ఇంజను మొత్తం విప్పవలసిందే అని ఇంకొకరు. ఇంజను విప్పితే ఆ ఖర్చు వాళ్ళు భరించగలిగేది కాదు. పెళ్ళిళ్ళ రోజుల్లో బండి షెడ్డులో ఉంటే రాబడీ ఉండదు. ఎవరి మాట వినాలి?

ఎవరి మాటా గుడ్డిగా వినవలసిన పని లేదు. మీరు బడిలో చదువుకున్న ఘర్షణ, పీడనం, స్నిగ్ధత అనే మూడు విషయాలు తెలిస్తే జవాబు మనమే వెతుక్కోవచ్చు. రండి, చూద్దాం.

నూనె చేసే పని

అంబాసిడర్ కారు 1950ల చివర నుండి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో తయారయింది. దాని పాత పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. అందులో పిస్టను పైనుండి క్రిందికి కదిలే దూరం సుమారు 89 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 50 చుట్లు. ఒక్కొక్క చుట్టుకు పిస్టను ఒకసారి పైకీ ఒకసారి క్రిందికీ పోతుంది. లెక్క కట్టండి: 89 × 2 × 50 = 8900 మిల్లీమీటర్లు. సెకనుకు దాదాపు 9 మీటర్లు, గంటకు 32 కిలోమీటర్లు! ఇంత వేగంతో లోహం మీద లోహం రాసుకుంటే ఏమవుతుంది? కొద్దిసేపట్లోనే వేడెక్కి, గీతలు పడి, చివరకు ఒకదానికొకటి పట్టుకుపోతాయి.

ఇలా జరగకుండా కాపాడేది మధ్యనున్న పలుచని నూనె పొర. దాని మందం మన తలవెంట్రుక మందం కంటె తక్కువ. ఘర్షణ తగ్గించడమే కాక నూనె మరికొన్ని పనులు కూడ చేస్తుంది. పిస్టన్ల వేడిని కొంత మోసుకుపోతుంది. మసిని తనలో కలుపుకొని ఒకచోట పేరుకోకుండా చూస్తుంది. పిస్టను చుట్టూ సందులను మూసి వాయువులు జారిపోకుండా ఆపుతుంది. లోహాన్ని తుప్పు నుండి కాపాడుతుంది.

కొయ్య బిరడా చెప్పిన రహస్యం

ఇంత పలుచని పొర ఇంత బరువును ఎలా మోస్తుంది? ఈ రహస్యం 1880లలో ఇంగ్లండులో అనుకోకుండా బయటపడింది. బోషాం టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. బేరింగు పైభాగాన నూనె పోయడానికి ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగగానే నూనె లోపలికి పోవడం మాని, ఆ రంధ్రంలో నుండి పైకి ఉబికి వచ్చింది. కొయ్య బిరడా కొట్టి మూశాడు. నూనె ఆ బిరడానూ బయటికి నెట్టింది! అక్కడ పీడనమాపకం బిగిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌన్లు దాటిపోయింది.

దీనికి కారణాన్ని 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు గణితంతో వివరించాడు. బరువు వలన ఇరుసు బేరింగుకు సరిగా నడుమ ఉండక ఒక ప్రక్కకు ఒరిగి ఉంటుంది. అందుచేత మధ్యనున్న సందు ఒకవైపు వెడల్పుగా ఉండి, పోను పోను ఇరుకవుతుంది. తిరిగే ఇరుసు నూనెను తనతో ఆ ఇరుకులోకి లాక్కుపోతుంది. ఇరుకులో చిక్కిన నూనె పీడనం పెరిగి ఇరుసును పైకి ఎత్తిపడుతుంది. వానలో వేగంగా పోయే కారు చక్రం ఒక్కొక్కప్పుడు నేలను తాకకుండా నీటి మీద తేలి జారిపోవడం విన్నారు గదా! అదీ ఇటువంటిదే. చక్రానికి అది ప్రమాదం, ఇరుసుకు అదే రక్ష.

ఇలా తేలడానికి రెండు కావాలి. ఒకటి, ఇరుసు తగినంత వేగంగా తిరగాలి. రెండు, నూనెకు తగినంత స్నిగ్ధత ఉండాలి. స్నిగ్ధత అంటే ద్రవం తన ప్రవాహాన్ని తానే అడ్డుకొనే గుణం. నీటికి అది తక్కువ, పాకానికి ఎక్కువ. వేగం తగ్గినప్పుడు స్నిగ్ధత కూడ చాలకపోతే నూనె పొర పలచబడి లోహం లోహాన్ని తాకుతుంది.

ఇంట్లోనే చేసి చూడండి

మూత గట్టిగా బిగిసే చిన్న సీసాలు ఒకే కొలతవి రెండు తీసుకోండి. ఒకదానిలో ఆముదం, రెండవదానిలో వేరుశనగ నూనె పోయండి. పైన వేలెడు ఖాళీ వదలండి. మూతలు బిగించి రెంటినీ ఒకేసారి తలక్రిందులు చేయండి. గాలి బుడగ పైకి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో వ్రాసుకోండి. ఆముదంలో బుడగ ఎంత బద్ధకంగా ఎక్కుతుందో చూస్తారు. తరువాత రెండు సీసాలను చేయి పెట్టగలిగేంత వేడి నీటిలో పది నిమిషాలు ఉంచి మళ్ళీ చేయండి. ఈసారి ఆముదంలో కూడ బుడగ చాలా త్వరగా ఎక్కుతుంది.

అంటే వేడి పెరిగితే నూనె స్నిగ్ధత తగ్గుతుందన్నమాట. ఇంజను నూనెకున్న అసలు చిక్కు ఇదే. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు అది త్వరగా పారి అన్ని భాగాలకూ చేరాలి. ఇంజను వేడెక్కి నూనె 100 డిగ్రీల సెంటీగ్రేడుకు వచ్చినప్పుడు మరీ నీళ్ళలా కాకూడదు.

అన్నట్లు, ఆముదం కూడ ఒకప్పుడు ఇంజను నూనెయే! మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాలు చాలా వాటిలో ఆముదమే పోసేవారు. అది పెట్రోలులో తేలికగా కరిగిపోదు. కాస్ట్రాల్ అనే పేరు కూడ ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న కాస్టర్ అనే మాట నుండి పుట్టినదే. కాని వేడికి ఆముదం జిగురుగా మారి పేరుకుంటుంది. కనుక మన చెలకల్లో పండేదే గదా అని దానిని ఈనాటి కారులో పోయకూడదు.

డబ్బా మీది అంకెలు

ఇప్పుడు డబ్బా చదవడం నేర్చుకుందాం. 20డబ్ల్యూ-50 అని ఉంటే ఆ అంకెలు ఉష్ణోగ్రతలు కావు, శాతాలు కావు. ఎస్.ఏ.ఈ. అనే అమెరికా ఇంజనీర్ల సంఘం నిర్ణయించిన తరగతి సంఖ్యలు. డబ్ల్యూ అంటే ఇంగ్లీషులో చలికాలం. దాని ముందున్న అంకె చలిలో నూనె ఎంత తేలికగా కదులుతుందో తెలుపుతుంది. అంకె ఎంత చిన్నదైతే అంత చలిలో కూడ ఇంజను తేలికగా తిరుగుతుంది. రెండవ అంకె 100 డిగ్రీల వేడిలో నూనె స్నిగ్ధతను తెలుపుతుంది.

స్నిగ్ధతను సెంటీస్టోకులలో కొలుస్తారు. మామూలు గది వేడిలో నీటికి అది సుమారు 1. ఇంజను నూనెకు 100 డిగ్రీల దగ్గర ఉండవలసిన కొలతలు ఇవి:

20 తరగతి: 6.9 నుండి 9.3 వరకు
30 తరగతి: 9.3 నుండి 12.5 వరకు
40 తరగతి: 12.5 నుండి 16.3 వరకు
50 తరగతి: 16.3 నుండి 21.9 వరకు

చలికి ఒక అంకె, వేడికి ఒక అంకె ఎలా వచ్చాయి? పలుచని నూనెలో పొడవాటి గొలుసుల వంటి పాలిమరు అణువులను కలుపుతారు. చలిలో ఇవి ఉండలు చుట్టుకొని ఉంటాయి గనుక ప్రవాహానికి అంతగా అడ్డురావు. వేడిలో విచ్చుకొని నూనె మరీ పలచబడకుండా ఆపుతాయి. రెండు అంకెలున్న వీటిని మల్టీగ్రేడు నూనెలు అంటారు.

20డబ్ల్యూ తరగతి నూనెకు చలి పరీక్ష సున్నా కంటె 15 డిగ్రీలు తక్కువలో, 5డబ్ల్యూ నూనెకు సున్నా కంటె 30 డిగ్రీలు తక్కువలో జరుగుతుంది. అంత చలి మన రెంటచింతలలో గాని రామగుండంలో గాని ఏనాడైనా ఉంటుందా? కాబట్టి మన ఊళ్ళలో తిరిగే పాత కారుకు మొదటి అంకె కంటె రెండవ అంకెను ముఖ్యంగా చూడాలి.

దీపం ఎందుకు వెలిగింది?

నూనె దీపం నూనె మట్టాన్ని చూడదు. నూనె పీడనం బాగా తగ్గినప్పుడు వెలుగుతుంది. మట్టం చూడాలంటే ఇంజనులోని కొలత కడ్డీని బయటికి తీసి చూడవలసిందే. ఆ విద్యార్థి అయోమయం సగం ఇక్కడే తీరిపోయింది.

ఇంజను త్రిప్పే పంపు నూనెను బేరింగుల సందుల్లోకి నెడుతుంది. ఇంజను వేగంగా తిరిగితే పంపు కూడ ఎక్కువ నూనె తోడుతుంది. కారు ఆగి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు తక్కువ తోడుతుంది. నలభై ఏళ్ళు నడిచిన ఇంజనులో అరుగుదల వలన బేరింగుల సందులు కొంచెం పెద్దవవుతాయి. ఎండలో దూరం పోయి వచ్చిన ఇంజనులో నూనె బాగా పలచబడి ఉంటుంది. చిల్లుల గొట్టంలో పెరుగు నిలిచినంతసేపు మజ్జిగ నిలుస్తుందా? పంపు తోడేది తక్కువ, సందుల నుండి జారిపోయేది ఎక్కువ. పీడనం పడిపోయి దీపం వెలుగుతుంది. కారు కదిలితే పంపు వేగం పెరిగి దీపం ఆరిపోతుంది.

మరి 5డబ్ల్యూ-30 చెడ్డ నూనెయా? కాదు. సన్నని సందులతో, ఆ నూనెకే తగినట్లు తయారయిన కొత్త ఇంజనుకు అది చక్కని నూనె. పలుచని నూనెను కదిలించడానికి శక్తి తక్కువ ఖర్చవుతుంది, పెట్రోలు ఆదా అవుతుంది. 20 తరగతి నూనెలు కోరే కొత్త కార్లు కూడ ఉన్నాయి. తప్పు నూనెది కాదు, జోడింపుది.

డబ్బా మీది అక్షరాలు

డబ్బా మీద అంకెలతోపాటు ఏ.పి.ఐ. అని, దాని ప్రక్కన రెండు అక్షరాలు కూడ ఉంటాయి. ఇవి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే నాణ్యతా తరగతులు. ఎస్ తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు, సి తో మొదలయ్యేవి డీజిలు ఇంజన్లకు. ఎస్.ఏ. అన్నిటికంటె పాతది. 2020లో ఎస్.పి., 2025లో ఎస్.క్యూ. వచ్చాయి. పాత కారు గదా అని పాత అక్షరాల నూనె వెతకడం పొరపాటు. ఎస్.ఏ. నూనె 1930 తరువాత తయారయిన చాలా కార్లకు పనికిరాదని ఆ సంస్థయే చెబుతోంది.

అయితే పాత ఇంజన్ల విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్ల పాత ఇంజన్లలో కవాటాలను తెరిచే కామ్ అనే గుడ్డు ఆకారపు భాగం, టాపెట్ అనే చదునైన బిళ్ళ మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రెండూ తాకే చోటు సన్నని గీతంత. బరువంతా ఆ గీత మీదే! అక్కడ నూనె పొర ఒక్కటే లోహాలను పూర్తిగా విడదీయలేదు. చాలా కొత్త ఇంజన్లలో ఈ చోట దొర్లే చక్రం ఉంటుంది గనుక రాపిడి తక్కువ.

ఆ ఆపద నుండి కాపాడడానికి నూనెలో జింకు, భాస్వరం, గంధకం కలిసిన ఒక రసాయనాన్ని చేరుస్తారు. రాపిడి వేడికి అది విడిపోయి లోహం మీద గాజు వంటి అతి పలుచని పొరను కడుతుంది. రాసుకున్నప్పుడు అరిగేది ఆ పొర, లోహం కాదు. అరిగినకొద్దీ పొర మళ్ళీ ఏర్పడుతూ ఉంటుంది.

మరి కొత్త నూనెల్లో దానిని ఎందుకు తగ్గించారు? కొత్త కార్లలో పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరక పరికరం ఉంటుంది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. ఇంజనులో కాలిపోయే కొద్దిపాటి నూనెలోని భాస్వరం ఆ ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. అందుకని 2004లో వచ్చిన ఎస్.ఎమ్. తరగతిలో 5డబ్ల్యూ-30 వంటి పలుచని నూనెలకు భాస్వరం 0.08 శాతం మించరాదన్నారు. 20డబ్ల్యూ-50 వంటి చిక్కని తరగతులకు ఆ హద్దు లేదు. ఉత్ప్రేరక పరికరం లేని 1984 నాటి కారుకు ఆ భాస్వరం వలన నష్టమూ లేదు.

కొన్ని అపోహలు

"ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది." కాదు. అవసరానికి మించి చిక్కనిదైతే ఉదయం ఇంజను త్రిప్పగానే దూరపు భాగాలకు నూనె ఆలస్యంగా చేరుతుంది. ఆ కొద్ది క్షణాలలోనే అరుగుదల జరుగుతుంది. పైగా పెట్రోలు కూడ ఎక్కువ ఖర్చవుతుంది.

"సింథటిక్ నూనె పాత ఇంజనును పాడుచేస్తుంది." ఇదీ సరికాదు. తరగతి సరిపోతే అదీ పోయవచ్చు. అయితే ఎండి బీటలిచ్చిన పాత సీళ్ళు, గాస్కెట్లు ఉంటే నూనె బయటికి కారవచ్చు. అప్పుడు మార్చవలసినవి ఆ సీళ్ళు.

"నూనె నల్లబడింది, చెడిపోయింది." నల్లబడడం అంటే మసిని తనలో పట్టి ఉంచుతోందని అర్థం. రంగు చూసి కాక, తయారీదారు చెప్పిన కిలోమీటర్ల లెక్కనో నెలల లెక్కనో నూనె మార్చాలి. కార్బురేటరు ఉన్న పాత ఇంజన్లలో చౌకు లాగినప్పుడు కొంత పెట్రోలు నూనెలోకి దిగి దానిని పలచన చేస్తుంది. కాబట్టి వాటికి గడువు దాటనివ్వకూడదు. తీసిన నూనెను కాలువలో గాని నేల మీద గాని పోయకూడదు. డబ్బాలో పట్టి, వాడిన నూనెను సేకరించేవారికి ఇవ్వాలి.

ఇంతకూ ఆ కారు ఏమయింది?

తరువాతి ఆదివారం ఆ తండ్రీకొడుకులు కారుతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని బీరువాలో నుండి వెతికి తీశారు. అందులో వేడి ప్రదేశాలకు వ్రాసిన సూచన చూసుకొని 20డబ్ల్యూ-50 నూనె, దానితో కొత్త ఫిల్టరు వేయించారు. రైలు గేటు దగ్గర ఆగినా దీపం వెలగలేదు.

ఆ పిల్లవాడు సంతోషంగా వచ్చి చెబితే నేను ఒక పని చేయమన్నాను. దీపం ఆరిందంటే పీడనం హద్దు దాటిందని మాత్రమే తెలుస్తుంది. ఎంత ఉందో తెలియదు. కాబట్టి మెకానిక్కు చేత పీడనమాపకం బిగించి కొలిపించమన్నాను. పుస్తకంలో ఉన్నదాని కంటె పీడనం కొంచెం తక్కువే వచ్చింది. ఇప్పటికి తిప్పవచ్చు గాని, పెళ్ళిళ్ళ రోజులు కాగానే బేరింగులు మార్చాలని మెకానిక్కు చెప్పాడు. ఆ ఖర్చుకు వాళ్ళ నాన్న నెలనెలా కొంత ప్రక్కన పెడుతున్నాడు. సరైన నూనె అరుగుదలను తగ్గించగలదు గాని, అరిగిపోయిన లోహాన్ని తిరిగి తేలేదు గదా!

మీ ఇంట్లోనో, ప్రక్కింట్లోనో పాత కారు ఉంటే ఈసారి నూనె మార్చేటప్పుడు దగ్గర నిలబడండి. ముందు పుస్తకం, తరువాత డబ్బా మీది అంకెలు, ఆ తరువాత అక్షరాలు చదవండి. ధర చివరన చూడవచ్చు.